జానెడు పెరిగిన బల్ల

పొద్దున ఆరున్నరకి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేలోగా బల్ల మీది దుప్పటి సర్ది, దాని మీద తెల్లబట్ట పరిచి, కళ్ళు మూసుకుని దేవుడికి ఒక దణ్ణం పెట్టుకోవడం ఆ ఇంట్లో నాలుగు తరాల అలవాటు. మొదటి చొక్కా ఎవరిదైనా సరే, కాలరు మీద పెట్టె ఆనించే ముందు "అందరూ చల్లగా ఉండాలి" అనుకోవాలి. వేడి పెట్టె చేత పట్టుకుని చల్లగా ఉండమనడమేమిటని కొత్త కోడళ్ళు నవ్వేవారు. నాలుగు రోజులకి వాళ్ళూ అనుకునేవారు.

వీధివైపు గది కొట్టు. దాని వెనక వసారా, ఆ వెనక రెండు గదులు, వంటిల్లు. కొట్టులో ఒక గోడకి మూటలు పెట్టే అరలు, రెండో గోడకి ఒక పాత ఫోటో, మధ్యలో బల్ల. ఆ ఫోటోలో ఏడుగురున్నారు, ఏడుగురి ఎడమ చెయ్యీ నడుం మీదే ఉంది. ఫోటో తీసినాయన చేతులు కిందికి దించమని బతిమాలాడట. దించితే నిలబడలేకపోయారు. కుడిచేత్తో పెట్టె తోయడం, ఎడమచేత్తో నడుం పట్టుకోవడం, వాళ్ళకి తెలిసిన నిలబడడం అదే. పెట్టె పట్టనివాళ్ళకి కూడా చూసి చూసి అదే అలవాటైంది.

ఆ ఇంట్లో తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెప్పేవారు. "తుమ్ము, తుమ్ము" అని ఎవరైనా అనగానే పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. తుమ్మేవాళ్ళు గోడనో బల్లనో తలుపునో గట్టిగా పట్టుకుని, అప్పుడు తుమ్మేవారు. పట్టుకోకుండా తుమ్మితే నడుం పట్టేసేది. ఒకసారి నాయనమ్మ పెరట్లో అలా తుమ్మి, వంగినది వంగినట్టే మూడు రోజులు ఉండిపోయింది. ఆ మూడు రోజుల్లో ఎప్పుడో పోయిన ఉంగరం, రెండు పిన్నీసులు, బీరువా తాళంచెవి దొరికాయి.

"మన ఇంటి నడుం అంతే" అనేది నాయనమ్మ. కొన్ని ఇళ్ళలో బట్టతల వస్తుంది, కొన్ని ఇళ్ళలో పాట వస్తుంది, తమ ఇంట్లో నడుం నొప్పి వస్తుంది అన్నట్టు చెప్పేది. ఆ గొంతులో కాస్త గొప్ప కూడా ఉండేది.

ఇప్పుడు బల్ల దగ్గర నిలబడేది ఆవిడ మనవరాలు. ఇరవై ఆరేళ్ళది. ఆ వంశంలో తాతయ్య తర్వాత అంత పొడుగు ఎవరూ లేరు, అందుకని చిన్నప్పట్నించీ అందరూ నిట్రాడు అనే పిలిచేవారు, ఇంటికప్పుని మోసే నిలువు గుంజలా ఉందని. పేరు పెట్టి పిలిస్తే తనే పలికేది కాదు. ఆ పిల్లకి ఇస్త్రీ అంటే ప్రాణం. నలిగి ముద్దయిన చొక్కా చేతికొస్తే, ఏడుస్తున్న పిల్లని ఎత్తుకున్నట్టు తీసుకునేది. ముందు కాలరు, తర్వాత భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు, చివరికి వీపు. గుండీల మధ్య పెట్టె ముక్కు పోనిచ్చేటప్పుడు ఊపిరి కూడా మెల్లిగా వదిలేది. "నువ్వు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటే ఆఫీసులో అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదే, ఇబ్బందిగా ఉంది" అని ఎదురింటి గుమాస్తా గోల పెట్టేవాడు.

కానీ మూడేళ్ళుగా నడుం నొప్పి. మొదట్లో సాయంత్రాలు వచ్చేది, పడుకుంటే పోయేది. తర్వాత పడుకున్నా పోలేదు. ఈ ఏడు ఎడమ కాల్లోకి దిగింది. తొడ వెనకనించి మడమ దాకా చీమలు బారు కట్టినట్టు ఉండేది. చెప్పు కిందపడితే కాలివేళ్ళతో తీసుకునేది. వాళ్ళమ్మకయితే పదేళ్ళ కిందటే మొదలై, మూడేళ్ళుగా నిలబడే పనే మానిపించింది. ఆవిడ ఇప్పుడు కూర్చుని మడతలు పెడుతుంది, చీటీలు గుచ్చుతుంది. నాన్న సైకిల్ మీద మూటలు తెచ్చి ఇస్తాడు. ఆయన చేత ఇస్త్రీ చేయించరు. పెళ్ళైన కొత్తలో మూడు చొక్కాలు కాల్చాక, "నువ్వు సైకిల్ తొక్కు నాయనా" అని తల్లే పెట్టె లాక్కుంది.

అందుకని బాబాయి ఒక ఉద్యోగం చూశాడు. ఆయన బస్సు స్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటాడు. పక్క కిటికీ ఖాళీ అయింది.

"కుర్చీలో కూర్చుని టికెట్లు చింపడమే అమ్మడూ. వంగే పనే లేదు. వానల సెలవు అయిపోయాక, సోమవారం పదింటికి వచ్చి చేరిపో" అన్నాడు.

నిట్రాడు వెళితే బల్ల దగ్గర నిలబడేవాళ్ళు లేరు. కొట్టు మూసేయడమే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. నాయనమ్మ మాత్రం ఆ వారమంతా దేవుడి దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది.

ఇక బల్ల సంగతి. ఏటా వానలు మొదలైన వారం కొట్టు మూసేవారు. బట్టలు ఆరవు, కరెంటు నిలవదు. ఆ వారంలో బల్ల పెరిగేది. కాళ్ళు నాలుగూ కిందినించి, లేత కొయ్యతో, కొంచెం పెరిగేవి. ఆ వీధిలో ఎవరూ దాన్ని గురించి పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఒక ఇంట్లో గోడ చెమ్మ తీస్తుంది, ఒక ఇంట్లో తలుపు ఉబ్బుతుంది, ఆ ఇంట్లో బల్ల పెరుగుతుంది. "ఏం, ఈ ఏడు ఎంత?" అని అడిగేవారు, వాన ఎంత పడిందని అడిగినట్టు.

కొట్టు తెరిచే రోజు పొద్దున్నే వడ్రంగి తాత రంపం తెచ్చుకుని వచ్చేవాడు. అరల పక్క గోడ మీద బొగ్గుతో గీసిన ఒక గీత ఉంది. అది ముత్తవ్వ గీత. ముత్తవ్వ అంటే నాయనమ్మకి అత్తగారు, ఆ కొట్టు పెట్టిన మనిషి. బల్ల ఎత్తు ఆ గీత దాటకూడదు. పెరిగినంత మేరా నాలుగు కాళ్ళూ కోయించి, గీతకి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే పెట్టె వేడి చేసేవారు. సున్నం వేసినప్పుడల్లా నాయనమ్మ ఆ గీత చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడేది.

కోసిన ముక్కల్ని పారేసేవారు కాదు. ఆ ఏడు బల్ల దగ్గర ఎవరు నిలబడ్డారో, వాళ్ళ పాత బట్టలోంచి ఒక పేలిక చింపి, నాలుగు ముక్కల్నీ దానితో కట్టి, నాయనమ్మ తన ఇనప్పెట్టెలో పెట్టుకునేది. ఆవిడకి చదువు రాదు. ఆ పెట్టే ఆవిడ రాసుకున్న చరిత్ర.

*

వానల సెలవుకి ముందురోజు నిట్రాడు డాక్టరమ్మ తెల్లకోట్లు ఇవ్వడానికి రెండు వీధుల అవతలికి వెళ్ళింది. ఆవిడ నడుములూ మెడలూ చూసే డాక్టరమ్మ. మందులు తక్కువ, కసరత్తులు ఎక్కువ. కోట్లు బీరువాలో తగిలిస్తూ నిట్రాడు "తుమ్ము, తుమ్ము" అంది, తలుపు పట్టుకుంది, తుమ్మింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చూసింది. "ఎప్పట్నించి ఇలా?"

"మూడేళ్ళండి. మాది వంశపారంపర్యం లెండి."

"ఎవరెవరికి ఉంది?"

"మా నాయనమ్మకి, మా అమ్మకి, నాకు. తాతయ్యకీ ఉండేదట."

"నాన్నగారికి?"

"ఆయనకి లేదండి. మూటలేసుకుని సైకిల్ తొక్కుతాడు, ఈల వేసుకుంటూ."

"నాయనమ్మ ఆ ఇంటి ఆడపడుచా?"

"కాదండి, కోడలు."

"అమ్మ?"

"ఆవిడా కోడలేగా మరి."

డాక్టరమ్మ వేళ్ళు మడిచింది. "ఆ వంశంలో పుట్టిన మీ నాన్నకి లేదు. బయటినించి వచ్చినవాళ్ళకి ఉంది. ఇదెక్కడి వంశపారంపర్యం అమ్మాయ్?"

నిట్రాడు ఆలోచించింది. "మా ఇంటి నీళ్ళ వల్లనేమోనండి."

"మీ నాన్న నీళ్ళు తాగడా?"

డాక్టరమ్మ ఒక కోటు తీసి, రోగుల్ని పడుకోబెట్టే మంచం మీద పరిచింది. దాని కింద ఒక పెడల్ ఉంది. తొక్కితే మంచం లేస్తుంది, వదిలితే దిగుతుంది. మంచాన్ని బాగా కిందికి దించి, "మీ బల్ల ఇంత ఉంటుందా? ఏదీ, పెట్టె చేతిలో ఉన్నట్టు ఇస్త్రీ చెయ్యి" అంది.

నిట్రాడు వంగింది. ఎడమ చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. డాక్టరమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచింది.

"బరువులెత్తితేనే నడుం పోతుందనుకుంటారు. నీ తలా భుజాలూ బరువు కావా? నువ్వు ముందుకు వంగినంతసేపూ వాటిని వెనకనించి పట్టుకుని లాగుతూ ఉండేది ఈ నడుమే. బస్తా మోసేవాడు కాసేపటికి దించుకుంటాడు. నువ్వు పొద్దున ఎత్తింది సాయంత్రం దాకా దించడం లేదు. అందుకే లోపల నరం నలిగి, కాల్లోకి చీమలు దిగాయి."

అంటూనే పెడల్ తొక్కింది. మంచం లేచింది. ఇంకొంచెం లేచింది. నిట్రాడు మోచెయ్యికి బెత్తెడు కింద ఆగింది.

"ఇప్పుడు చెయ్యి."

నిట్రాడు చేసింది. కాలరు, భుజం, కఫ్. చేస్తూ చేస్తూ ఆగిపోయింది.

"ఏమంటోంది నడుం?"

"ఏమీ అనడం లేదండి" అంది నిట్రాడు, భయపడినట్టు.

"బల్ల ఎత్తు పెంచించు మరి."

"అదే పెరుగుతుందండి, ఏటా."

"ఎంత?"

"పోయినేడు జానెడు."

"ఆ జానెడూ ఏమైంది?"

"కోయించేశాం."

డాక్టరమ్మ బల్ల పెరగడానికి ఆశ్చర్యపోలేదు. కోయించడానికే ఆశ్చర్యపోయింది. గీత సంగతంతా విని, కోటు మడతపెట్టి ఇచ్చింది.

"నేనేమీ అననమ్మా. బల్ల మీది, గీత మీది. నడుం మాత్రం నీది."

గుమ్మం దగ్గర నిట్రాడు టికెట్ల ఉద్యోగం గురించి చెప్పింది. "కదలకుండా ఎనిమిది గంటలు కుర్చీలోనా?" అంది డాక్టరమ్మ. "అప్పుడు చీమలు పోవు. దారి మార్చుకుంటాయంతే."

*

సెలవులో నాలుగో రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిట్రాడు నాయనమ్మ ఇనప్పెట్టె తెరిచింది. వాన వసారా చూరు మీదినించి దారాలు దారాలుగా పడుతోంది. వాళ్ళమ్మ గోడకి ఆనుకుని, వీపు వెనక దిండు పెట్టుకుని, గుండీలు ఊడిన చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"ఒసేయ్, వాటినెందుకు కదుపుతున్నావు?" అంది నాయనమ్మ.

"ఒకసారి చూస్తాను నాయనమ్మా. మళ్ళీ ఎలా ఉన్నవాటిని అలా పెడతాను."

కట్టలన్నీ తీసి గోడ పొడుగునా వరసగా పేర్చింది. ఏ పేలిక ఎవరిదో నాయనమ్మ చూడకుండానే, చేత్తో తడిమి చెప్పింది.

"ఈ గళ్ళగుడ్డ మా అత్తయ్యది, అన్నిటికంటే పాతది. ఇది మీ తాతయ్య చొక్కా. చారల చొక్కా. అది వేసుకుంటే పెళ్ళికొడుకులా ఉన్నావనేదాన్ని, రోజంతా అద్దం వదిలేవాడు కాదు. ఇదీ ఆయనదే. ఇది నాది. ఇవన్నీ నావే. ఇది మీ బుడ్డత్తది, పెళ్ళికి ముందు రెండేళ్ళు అదే చేసింది. ఇవన్నీ మీ అమ్మవి."

బుడ్డత్త అంటే నాన్న చెల్లెలు. గుమ్మంలో నిలబడితే గొళ్ళెం అందదు.

నిట్రాడు ఒక్కో కట్టకీ వేళ్ళు ఆనించి కొలిచింది. తాతయ్య ముక్కలు పెద్దవి, జానెడుకి కాస్త తక్కువ. నాయనమ్మవి మూడు వేళ్ళు. బుడ్డత్తవి చొక్కా గుండీ అంత పల్చన, నాలుగు కలిపి కట్టినా కట్టలా లేవు. అమ్మవి నాలుగు వేళ్ళు, ఎనిమిదేళ్ళూ నాలుగు వేళ్ళే. చివర్న తన పాత గౌను పేలికతో కట్టినవి, కిందటేడువీ అంతకు ముందేడువీ, నిండా జానెడు.

"నాయనమ్మా, బుడ్డత్తకి నడుం నొప్పి ఉందా?"

"దానికేం, గంతులేస్తుంది."

"తాతయ్యకి?"

"అబ్బో. చివరికి ఆయనకి సాక్సులు నేనే తొడిగేదాన్ని."

"బల్ల ఊరికే పెరగడం లేదు నాయనమ్మా. ఎవరు నిలబడితే వాళ్ళ కొలతకి పెరుగుతోంది. మనకి ఎంత తక్కువైందో అంత. ఈసారి కోయించొద్దు."

అమ్మ చేతిలో సూది ఆగింది. నాయనమ్మ తన కట్టల్లో ఒకటి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ గీత అత్తయ్య గీసింది. నేను పురిటికి పుట్టింటికెళ్ళి, మీ నాన్నని ఎత్తుకుని వచ్చేసరికి గోడ మీద ఉంది. అప్పటిదాకా నేను ఆ బల్ల దగ్గర నిలబడనే లేదు. 'బల్ల ఇంతే ఉండాలి' అని నాతో అంది. నెల తిరక్కుండా పోయింది. ఆవిడ నాతో చెప్పిన చివరి మాటల్లో అదొకటి. నేను నలభై ఏళ్ళు దానికి వంగాను."

"తెలుసు నాయనమ్మా."

"నీకేం తెలుసు? మీ బాబాయిని నేనెప్పుడూ ఎత్తుకోలేదు. వాడు పుట్టేసరికే నడుం పోయింది. కూర్చుంటే ఒళ్ళోకి ఎవరో ఒకరు ఎక్కించేవారు. చెట్టు మీద పిట్ట కూస్తే ఏ పిట్టో చూడక ఎన్నాళ్ళైందో. అదంతా అత్తయ్య మాట కోసమే అనుకుని ఓర్చుకున్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పేదే నిజమైతే, మేమంతా ఊరికే వంగామా?"

నిట్రాడు కట్టలు ఎత్తి పెట్టడానికి వంగబోతే వీల్లేకపోయింది. "ఉండనియ్యి. మీ నాన్న వచ్చి పెడతాడు" అంది నాయనమ్మ. నాన్న వచ్చాడు, వాటిని తప్పుకుని నడిచాడు, మర్చిపోయాడు.

*

సోమవారం పొద్దున కొట్టు తలుపు తీసేసరికి బల్ల జానెడు పెరిగి ఉంది. పెట్టె వైరు బిగిసి, ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. నిట్రాడు స్నానం చేసి, బస్సు స్టాండుకి వెళ్ళే బట్టలే కట్టుకుని వచ్చింది. ఏడింటికి వడ్రంగి తాత పాత తువ్వాలులో రంపం చుట్టుకుని దిగాడు.

"ఏం అక్కయ్యా, ఈ ఏడూ జానెడేనా? వానలు బాగా పడ్డాయి" అన్నాడు.

"గీతకి సరిగ్గా కోయి తమ్ముడూ" అంది నాయనమ్మ. ఏటా అనే మాటే.

"తాతా, కోసే ముందు ఒక్క చొక్కా చేసుకోనీ" అంది నిట్రాడు. "ఒక్కటే. తర్వాత కోసెయ్యి. నేను పదింటికి వెళ్ళిపోతాను."

"కోయకుండా పెట్టె ఆనించడం ఈ ఇంట్లో లేదు" అంది నాయనమ్మ.

ఎవరి మాట వినాలో తెలియక వడ్రంగి తాత వసారాలోకి వెళ్ళి, గోడవారన కూర్చున్నాడు. అక్కడ కట్టలు ఇంకా వరసగానే ఉన్నాయి. ఆయన చెయ్యి ఊరుకోదు. అన్నిటికంటే పాత కట్ట, ముత్తవ్వ గళ్ళగుడ్డతో కట్టింది, అందుకుని తిప్పి చూశాడు.

"ఇది మా నాన్న కోత. రంపం కుడివైపు ఒరిగేది ఆయనకి."

"అది బల్ల మొదటిసారి పెరిగినప్పుడు కోసింది" అంది నాయనమ్మ, గుమ్మంలోంచి.

"పెరిగిందెక్కడక్కయ్యా? ఇవి అసలు కాళ్ళే. ఇదిగో, వార్నిష్ చూడండి." మిగతా కట్టలు ఎత్తి పక్కన పెట్టాడు. వాటికి వార్నిష్ లేదు. పచ్చి కొయ్య, పాలరంగు. "బల్ల చేసింది మా నాన్నే. పెద్దావిడ అప్పుడు మంచి నిటారు మనిషి, ఆవిడ మోచేతికి చూసుకుని చేశాడు. బల్ల లేనప్పుడు ఆవిడ ఎన్నేళ్ళు నేల మీద కూర్చుని ఇస్త్రీ చేసిందో, ఆ దెబ్బ తర్వాత బయటపడింది. ముసలితనంలో నడుం వంగిపోయి పొట్టిదైపోయింది. బల్ల గుండెల దాకా వచ్చేది. అప్పుడు పిలిపించి, 'ఇదిగో, నా మోచెయ్యి ఇక్కడిదాకా దిగింది, బల్ల ఇంతే ఉండాలి' అని గోడ మీద గీసింది. నేను బొగ్గు అందించాను."

"నలభై ఏళ్ళపైగా వస్తున్నావు" అంది నాయనమ్మ. "ఒక్కసారైనా చెప్పావా?"

"మీరు అడిగితేగా? ఏటా 'గీతకి సరిగ్గా కోయి' అంటారు. దణ్ణం పెడతారు. ఏదో మొక్కు ఉందేమో, మనకెందుకని కోసి వెళ్ళిపోతున్నా."

నాయనమ్మ మెల్లిగా అరల పక్కకి నడిచింది. ఎనభై దాటిన మనిషి, నడుం దగ్గర మడత పడినట్టు ఉంటుంది. గోడకి పక్కగా నిలబడి, మోచెయ్యి వంచి ఆనించింది. గీత సరిగ్గా అక్కడ తగిలింది. అటు తిరిగి ఇంకో చెయ్యి ఆనించింది. అదీ అక్కడే తగిలింది.

"అత్తయ్యా" అంది, గోడతో.

అమ్మ దిండు వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. "ఊరికే ఎందుకవుతుంది అత్తయ్యా? మీరు బిడ్డల్ని పెంచారు, కొట్టు నిలబెట్టారు. వంగకుండా కూడా చేసేవాళ్ళం, అంతే. ఈ బల్ల మాత్రం ఏటా మన కోసం లేస్తూనే ఉంది."

నాయనమ్మ బల్ల వైపు చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నిట్రాడు దగ్గరికి వచ్చింది. నవ్వుతోంది, నడుం జాగ్రత్తగా పట్టుకుని.

"దేవుడు ఏటా తెచ్చి ఇస్తున్నాడే. మనం ఏటా కోయించి, చక్కగా దణ్ణం పెట్టుకుంటున్నాం. ఆయనకి ఎంత ఓపికో చూడు." కళ్ళు తుడుచుకుంది. "ఏంటలా చూస్తావు, నిట్రాడా? చొక్కా తీసుకో."

నాన్న ప్లగ్గు సరిచేశాడు, వైరు కింద ఒక చెక్క పెట్టాడు. తెల్లబట్ట పరిచారు. పెట్టె వేడెక్కింది. నిట్రాడు కళ్ళు మూసుకుని అందరూ చల్లగా ఉండాలనుకుంది. మొదటి చొక్కా ఎదురింటి గుమాస్తాది. కాలరు అయింది, భుజం అయింది. కఫ్ దగ్గరికి వచ్చేసరికి తన ఎడమ చెయ్యి ఖాళీగా బల్ల మీద ఉండడం చూసుకుంది. ఆ చేత్తో బట్టని ఇంకొంచెం లాగి పట్టుకుంది. రెండు చేతులతో ఇస్త్రీ చేయడం ఇంత సుఖమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదిన్నరకి బాబాయి రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మడూ, అక్కడ నీ కోసం కిటికీ తెరిచి కూర్చున్నారు!"

నిట్రాడు పదకొండో చొక్కా మీద ఉంది. తల కూడా ఎత్తలేదు. "రాను బాబాయ్. ఇక్కడ పనుంది."

బాబాయి బల్లని చూశాడు, గోడని చూశాడు, తల్లిని చూశాడు. జరిగిందంతా విన్నాడు. విన్నాక, వడ్రంగి తాతని పక్కకి పిలిచి, తన నడుం తడుముకుంటూ మెల్లిగా అడిగాడు: "ఇదే కొయ్యతో కుర్చీ ఒకటి అవుతుందా?"

*

ఒక్కరోజులో ఏమీ పోలేదు. మూడేళ్ళు నలిగిన నరం మూడు నెలలు తీసుకుంది. నిట్రాడు డాక్టరమ్మ చెప్పిన కసరత్తులు రోజూ వసారాలో చేసేది. గంటకోసారి పెట్టె దించి పెరటి దాకా నడిచి వచ్చేది. చీమలు మడమ వదిలాయి, తర్వాత మోకాలు వదిలాయి, చివరికి తొడలోంచి ఎటో వెళ్ళిపోయాయి.

ఇనప్పెట్టెలోని ముక్కలతో వడ్రంగి తాత వెడల్పాటి మెట్టుపీట ఒకటి చేశాడు. అమ్మ దాని మీద ఎక్కి నిలబడితే బల్ల ఆవిడకీ సరిపోయింది. మొదట రోజుకి నాలుగు చొక్కాలు, తర్వాత పది. అమ్మ దిగినప్పుడు నిట్రాడు ఒక పాదం ఆ పీట మీద పెట్టుకునేది, కాసేపు కుడిది, కాసేపు ఎడమది. పేలికలన్నీ నాయనమ్మ దాచుకుంది. నడుం ఆవిడకి నిటారు కాలేదు, ఆ వయసులో దేవుణ్ణి అది అడగనూ లేదు. పెరట్లో పడక కుర్చీ వేయించుకుని, వెనక్కి వాలి, పిట్టల్ని చూసేది.

మరుసటి ఏడు వానల వారం గడిచింది. కొట్టు తెరిస్తే బల్ల ఎక్కడిదక్కడే ఉంది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. వడ్రంగి తాత అలవాటుగా రంపంతో వచ్చాడు, కొలిచాడు, కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ నెలలోనే కొత్త ఫోటో తీయించుకున్నారు. బల్ల ముందు అందరూ వరసగా నిలబడ్డారు. ఫోటో తీసే అమ్మాయి "రెడీ" అనేసరికి, ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఒక్కరికీ తెలియలేదు. ఒకరు జేబులో పెట్టుకున్నారు, ఒకరు వెనక్కి దాచుకున్నారు. నాయనమ్మ తన చెయ్యి, ఆవిడ ముందు గొంతుక్కూర్చున్న బాబాయి తల మీద పెట్టింది.

ఇప్పుడు కొట్టులో రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉంటాయి. కొత్తదాంట్లో అమ్మ ముఖం కదిలిపోయింది. సరిగ్గా అప్పుడే ఆవిడ తుమ్మింది. ముందు చెప్పలేదు, దేన్నీ పట్టుకోలేదు.